అసెంబ్లీలో స్ప్లైన్ గీయడం: హోస్ దారి మొదటి నుంచి చివరి దాకా

హైదరాబాద్‌లోని బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్ కోసం హైడ్రాలిక్ ప్రెస్ డిజైన్ చేస్తున్న రోజులవి. పవర్ ప్యాక్ (పంపు, మోటారు, ఆయిల్ ట్యాంకు ఉన్న భాగం) కింద ఒక పక్కన ఉంది, సిలిండర్ పైన ఉంది. రెండింటి మధ్య ఆయిల్ పోయే హోస్ (రబ్బరు గొట్టం) దారిని అసెంబ్లీలోనే, అంటే భాగాలన్నీ కూర్చిన కంప్యూటర్ మోడల్‌లోనే, స్ప్లైన్ అనే నునుపైన వంపు గీతతో గీశాను. ఏడు బిందువులు పెట్టి, స్తంభాన్ని తప్పించి, ఖాళీ ఉన్న వైపుకల్లా వంచి, తెర మీద ముచ్చటగా కనిపించేదాకా సర్దాను. అందులో వచ్చిన పొడవు కాగితం మీద రాసుకుని సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ మార్కెట్‌కు వెళ్లి, హోస్ కోయించి, రెండు కొసలకూ ఫిట్టింగులు (యంత్రానికి బిగించే లోహపు కొసలు) క్రింప్ చేయించి, అంటే నొక్కి పట్టించి తెచ్చాం. బిగించాక ఆ హోస్ నేను గీసిన దారిలో నిలబడలేదు. తన దారి తాను చూసుకుని స్తంభం అంచుకు ఆనుకుంది. పంపు వేసినప్పుడల్లా ఆ అంచు మీద రాసుకునేది.

ఏడు బిందువుల్లో రెండు కొసల దగ్గరున్నవి. మిగతా ఐదింటి దగ్గర యంత్రం మీద హోస్‌ను పట్టుకునేది ఏమీ లేదు. తెర మీద నేను పట్టుకున్నాను కాబట్టి అక్కడ ఆగింది, అంతే. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: స్ప్లైన్‌లో పెట్టే ప్రతి బిందువుకూ యంత్రం మీద ఒక ఆధారం ఉండాలి. ఫిట్టింగ్, క్లాంప్ (హోస్‌ను పట్టి ఉంచే బిగింపు), రేకు రంధ్రంలో గ్రామెట్ అనే రబ్బరు రింగు, ఏదో ఒకటి. ఆధారం లేని చోట బిందువు పెట్టకూడదు. ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఆ నియమం చుట్టూ తిరుగుతుంది.

మెనూల పేర్లు సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌వి చెబుతున్నాను, నాకు బాగా చేయి తిరిగింది అందులోనే. ఫ్యూజన్, ఫ్రీక్యాడ్ వాడేవాళ్లకు ఉన్న తేడాలు తర్వాత చెబుతాను.

స్ప్లైన్ అసలు ఏం చేస్తుంది

కంప్యూటర్లు రాకముందు ఓడల డ్రాయింగులు వేసేవాళ్ల దగ్గర పొడవాటి సన్నని చెక్క బద్ద ఉండేది. దాన్నే స్ప్లైన్ అనేవారు. బద్దను కాగితం మీద వంచి, అక్కడక్కడా సీసపు దిమ్మలతో నొక్కిపెట్టి, దాని వెంబడి పెన్సిల్ నడిపేవారు. దిమ్మకూ దిమ్మకూ మధ్య బద్ద తనకు వీలైనంత తక్కువ శ్రమతో వంగే ఆకారం తీసుకునేది. 1946లో ఐజాక్ షోన్‌బర్గ్ ఆ పేరును గణితంలోకి తెచ్చాడు. మన సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది ఆ బద్ద లెక్కే. మీరు పెట్టే బిందువులే దిమ్మలు.

హోస్ కూడా దాదాపు ఆ బద్దలాగే వంగుతుంది. అందుకే బిందువులు ఎంత తక్కువగా ఉంటే గీత నిజమైన హోస్‌కు అంత దగ్గరగా వస్తుంది. చాలామంది దీనికి తలకిందులుగా ఆలోచిస్తారు. బిందువులు పెంచితే పట్టు పెరుగుతుందనుకుంటారు. కానీ పెరిగేది అలలు మాత్రమే.

స్ప్లైన్‌లు రెండు రకాలు. తేడా చెప్పడానికి మన ముగ్గులే మంచి పోలిక. కొన్ని చుక్కల ముగ్గుల్లో గీత చుక్క నుంచి చుక్కకు కలుపుకుంటూ పోతుంది. మామూలు స్ప్లైన్ అలాంటిది, మీరు పెట్టిన ప్రతి బిందువు గుండా వెళుతుంది. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకదు, దాని చుట్టూ తిరుగుతుంది. సాలిడ్‌వర్క్స్‌లో స్టైల్ స్ప్లైన్, ఫ్యూజన్‌లో కంట్రోల్ పాయింట్ స్ప్లైన్ ఆ బాపతు. కొసలు తప్ప మిగతా బిందువులు గీతను తమవైపు లాగుతాయి, కానీ గీత వాటి మీదికి రాదు. క్లాంప్ ఉన్న చోటికి హోస్ కచ్చితంగా రావాలి కాబట్టి హోస్‌కు మొదటి రకం వాడండి. మెషిన్ కవర్, హ్యాండిల్ పట్టు, సీటు ఒంపు లాంటి చూపుకు సంబంధించిన పనికి రెండో రకం హాయిగా ఉంటుంది.

అడుగు 1: ముందు అసెంబ్లీ కదలకూడదు

స్ప్లైన్ గీసేముందు పవర్ ప్యాక్, ఫ్రేము, సిలిండర్ మేట్లు (భాగాలను ఒకదానికొకటి కట్టే షరతులు) పూర్తిగా పడ్డాయో లేదో చూడండి. ఫీచర్ ట్రీలో, అంటే తెర పక్కనున్న భాగాల జాబితాలో, పార్ట్ పేరు ముందు మైనస్ గుర్తు ఉంటే అది ఇంకా కదులుతుందని అర్థం. నిజంగా కదలాల్సిన భాగం, అంటే సిలిండర్ రాడ్ లాంటిది ఉంటే, దాని రెండు హద్దులను లిమిట్ మేట్‌తో పెట్టండి. అడుగు 6లో అది చాలా అవసరం అవుతుంది.

ఫిట్టింగులను కూడా ఇప్పుడే అసెంబ్లీలోకి తెచ్చి పోర్టులకు (ఆయిల్ వచ్చిపోయే రంధ్రాలకు) బిగించండి. కొందరు పోర్టు రంధ్రం నుంచే స్ప్లైన్ మొదలుపెట్టి, ఫిట్టింగ్ తర్వాత చూసుకుందాం అంటారు. ఫిట్టింగ్ వచ్చాక 50, 60 మిల్లీమీటర్లు ముందుకు జరిగి దారంతా మారిపోతుంది. చేసిన పని మళ్లీ చేయాలి.

అక్కర్లేని భాగాలను హైడ్ చేయండి. బోల్టులు, వాషర్లు కళ్ల ముందుంటే కర్సర్ ప్రతి అంచుకూ అతుక్కుంటుంది. మీకు తెలియకుండానే ఏదో వాషర్ కేంద్రానికి బిందువు ముడిపడుతుంది.

అడుగు 2: గీత ఏ ఫైల్‌లో ఉండాలో తేల్చుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

అసెంబ్లీలోనే నేరుగా 3డి స్కెచ్ (మూడు దిక్కుల్లోనూ గీయగల స్కెచ్) తీసి స్ప్లైన్ గీయొచ్చు. దారి ఎలా ఉంటుందో చూసుకోవడానికి అది చాలు. కానీ ఆ గీత వెంబడి ఘన గొట్టం చేయబోతే దారి మూసుకుపోతుంది. సాలిడ్‌వర్క్స్ అసెంబ్లీ స్థాయిలో స్వీప్‌తో (ఒక ఆకారాన్ని గీత వెంబడి నడిపే కమాండ్‌తో) లోహం కోయనిస్తుంది కానీ, కొత్త పదార్థాన్ని చేర్చనివ్వదు. గొట్టం ఒక పార్ట్‌గానే పుట్టాలి. పార్ట్స్ లిస్ట్‌లో హోస్ ఒక వరుసగా రావాలన్నా అది పార్ట్ కావాల్సిందే.

కాబట్టి ఇన్సర్ట్, కాంపోనెంట్, న్యూ పార్ట్ అని వెళ్లండి. ఇప్పుడు ఏదైనా ఫేస్ (భాగం ఉపరితలం) మీద క్లిక్ చేస్తే కొత్త పార్ట్ ఆ ఫేస్‌కు ఇన్‌ప్లేస్ మేట్‌తో కట్టుబడిపోతుంది. రేపు ఆ ఫేస్ ఉన్న పార్ట్‌ను ఎవరైనా మారిస్తే హోస్ మొత్తం తప్పిపోతుంది. అందుకే నేను ఎప్పుడూ ఖాళీ ప్రదేశంలో క్లిక్ చేస్తాను. అప్పుడు హోస్ పార్ట్ మూలబిందువు అసెంబ్లీ మూలబిందువు మీద కూర్చుంటుంది. తర్వాత ఆ పార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ పార్ట్ తీసుకోండి. మిగతా యంత్రం కనిపిస్తూనే ఉంటుంది, మీరు గీసేది మాత్రం హోస్ ఫైల్‌లోకి వెళుతుంది.

ఇలా గీసినప్పుడు హోస్ పార్ట్ ఇతర పార్టుల అంచులను పట్టుకుంటుంది. ట్రీలో పేరు పక్కన చిన్న బాణం గుర్తు వస్తుంది. బయటి ఆధారం ఉందని దాని అర్థం. దాన్ని చూసి భయపడక్కర్లేదు. ఆధారం ఎక్కడెక్కడ ఉందో మీకు తెలిసి ఉంటే చాలు. నేను హోస్‌కు రెండు ఫిట్టింగులూ, ఉంటే క్లాంపులూ తప్ప ఇంకే ఆధారం ఉండనివ్వను.

అడుగు 3: కొసల దగ్గర తిన్నని గీతలు

స్ప్లైన్ ముట్టుకునే ముందు రెండు కొసలా రెండు తిన్నని గీతలు గీయండి. దీనికి కారణం హోస్‌లోనే ఉంది. క్రింప్ చేసిన ఫెరూల్ (హోస్ కొస మీది లోహపు తొడుగు) నుంచి బయటికి రాగానే హోస్ వంగకూడదు. అక్కడ తీగ పొర తెగడం మొదలవుతుంది. హోస్ బయటి వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు తిన్నగా రావాలి. రెండు తీగ పొరలున్న అర అంగుళం హోస్ బయటి వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు. అంటే 33. నేను 35 పెడతాను.

వ్యూ మెనూలో టెంపరరీ యాక్సెస్ ఆన్ చేయండి, ఫిట్టింగ్ మధ్య గుండా అక్షం కనిపిస్తుంది. 3డి స్కెచ్ తెరిచి, ఫెరూల్ చివరి గుండ్రని అంచు కేంద్రం నుంచి బయటికి ఒక గీత గీసి, ఆ గీతకూ అక్షానికీ కొలినియర్ రిలేషన్ (రెండూ ఒకే రేఖలో ఉండాలనే షరతు) ఇవ్వండి. 35 అని డైమెన్షన్ వేయండి. రెండో కొసకూ అంతే. గీత నల్లగా మారిందా లేదా చూడండి. ఇంకా నీలంగా ఉంటే ఎక్కడో పట్టు వదులుగా ఉందన్నమాట.

అడుగు 4: ఇప్పుడు స్ప్లైన్

స్ప్లైన్ టూల్ తీసుకుని మొదటి తిన్నని గీత చివర క్లిక్ చేయండి, రెండో తిన్నని గీత చివర క్లిక్ చేయండి, ఎస్కేప్ నొక్కండి. అంతే, మధ్యలో ఏమీ వద్దు. ఆకారం ఇప్పుడు తప్పుగా కనిపిస్తుంది, ఫర్వాలేదు.

స్ప్లైన్‌నూ పక్కనున్న తిన్నని గీతనూ కలిపి ఎంచుకుని ట్యాంజెంట్ రిలేషన్ (కలిసే చోట రెండింటి దిశా ఒకటే కావాలనే షరతు) ఇవ్వండి. రెండు వైపులా. ఒక్కసారిగా గీత ప్రాణం పోసుకున్నట్టు ఫిట్టింగ్ దిశలోకి తిరుగుతుంది. ఎన్నేళ్లు చేసినా నాకు ఆ క్షణం ఇష్టం.

తర్వాత కొసల దగ్గర హ్యాండిల్స్ పని. స్ప్లైన్‌ను క్లిక్ చేస్తే కొస దగ్గర చిన్న గుర్తులు కనిపిస్తాయి. వజ్రం ఆకారంలో ఉన్నది దిశను తిప్పుతుంది. బాణం ఆకారంలో ఉన్నది బలాన్ని మారుస్తుంది, అంటే హోస్ ఆ దిశలో ఎంత దూరం పోయాక తిరగాలో చెబుతుంది. చివరనున్న గుండ్రటిది రెండింటినీ ఒకేసారి మారుస్తుంది. దిశను ట్యాంజెంట్ పట్టుకుని ఉంది కాబట్టి మీరు ముట్టుకోవాల్సింది బాణాన్ని మాత్రమే. రెండు కొసల బాణాలను కొంచెం కొంచెం లాగుతూ చూడండి. మామూలు దారుల్లో సగానికి పైగా పని ఇక్కడే అయిపోతుంది.

స్తంభం లాంటిది అడ్డొచ్చినప్పుడే మధ్యలో బిందువు. అక్కడ ముందు నిజంగా క్లాంప్ పెట్టండి, ఫ్రేము మీద బోల్టుతో సహా. తర్వాత స్ప్లైన్ మీద రైట్ క్లిక్ చేసి ఇన్సర్ట్ స్ప్లైన్ పాయింట్‌తో బిందువు చేర్చి, దాన్ని క్లాంప్ రంధ్రం కేంద్రానికి కట్టండి. క్లాంప్ అక్షం దిశలోనే హోస్ పోవాలి కదా, ఆ బిందువుకు ట్యాంజెన్సీ కంట్రోల్ కూడా చేర్చి అక్షానికి సమాంతరం చేయండి.

బిందువును చేత్తో లాగాల్సి వస్తే ఒక జాగ్రత్త. తెర చదునైనది, స్కెచ్ మూడు దిక్కులది. ముందు నుంచి చూస్తూ బిందువును సరిగ్గా స్తంభం పక్కకు లాగానని మీరు అనుకుంటారు. పక్క నుంచి చూస్తే అది అర మీటరు వెనక్కి పోయి ఉంటుంది. నాలుగు వ్యూలను ఒకేసారి తెరుచుకుని ఒక వ్యూలో లాగి రెండో వ్యూలో సరిచూడండి. తిన్నని గీతలు గీసేటప్పుడు ఏ తలంలో గీస్తున్నారో ట్యాబ్ నొక్కి మార్చుకోవచ్చు, కర్సర్ పక్కన అక్షరాలు మారుతుంటాయి. చివరికి చేత్తో లాగిన బిందువు దేన్నీ డైమెన్షన్ లేకుండా వదలకండి.

అడుగు 5: వంపు సరిపోయిందా, కంటితో కాదు అంకెతో

ప్రతి హోస్‌కూ ఇంతకన్నా గట్టిగా వంచకూడదని ఒక హద్దు ఉంటుంది. రెండు తీగ పొరల హోస్‌కు యూరప్ ప్రమాణం ఈఎన్ 853 ప్రకారం కనిష్ఠ వంపు వ్యాసార్థం పావు అంగుళానికి 100, మూడు ఎనిమిదో వంతు అంగుళానికి 130, అర అంగుళానికి 180 మిల్లీమీటర్లు. కొన్న హోస్ కేటలాగ్‌లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ వ్యాసార్థాన్ని వంపు లోపలి వైపు కొలుస్తారు. మీరు గీసే స్ప్లైన్ మాత్రం హోస్ మధ్య గీత. కాబట్టి సగం వ్యాసం కలపాలి. అర అంగుళం హోస్‌కు 180కి 11 కలిపితే 191. స్ప్లైన్ ఎక్కడా 191 కన్నా గట్టిగా వంగకూడదు. నేను 200 హద్దుగా పెట్టుకుంటాను. దీన్నిబట్టి ఇంకోటి కూడా తెలుస్తుంది: అర అంగుళం హోస్‌ను యూ ఆకారంలో తిప్పాలంటే రెండు కొసల మధ్య కనీసం 382 మిల్లీమీటర్ల దూరం కావాలి. అంత చోటు లేకపోతే స్ప్లైన్‌ను ఎంత సర్దినా లాభం లేదు, ఎల్బో (వంగిన) ఫిట్టింగ్ వేయాలి.

స్ప్లైన్ మీద రైట్ క్లిక్ చేసి షో మినిమమ్ రేడియస్ ఆన్ చేయండి. ఎక్కడ అన్నిటికన్నా గట్టిగా వంగిందో అక్కడే అంకె పడుతుంది. అది 191 కన్నా తక్కువైతే అడుగు 4కి వెళ్లి బాణాలు లాగండి.

అదే మెనూలో కర్వేచర్ కోంబ్స్ కూడా ఉంటాయి. గీత వెంబడి దువ్వెన పళ్లలా గీతలు నిలబడతాయి. వంపు గట్టిగా ఉన్న చోట పన్ను పొడవుగా, తిన్నగా ఉన్న చోట పొట్టిగా ఉంటుంది. పళ్ల కొసలను కలుపుతూ పోయే అంచు మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మధ్యలో ఎగుడుదిగుడుగా ఉంటే అక్కడ అనవసరమైన బిందువు ఉందని అర్థం, తీసేయండి. పళ్లు ఒక వైపు నుంచి రెండో వైపుకు దాటితే హోస్ అక్కడ ఒంపు దిశ మార్చుకుంటోంది. ఎస్ ఆకారపు దారికి అది ఒకసారి సహజం. మూడు సార్లు దాటితే గీత బాగాలేనట్టే.

తిన్నని గీత దగ్గర పన్ను ఒక్కసారిగా నిలువుగా లేస్తే, ట్యాంజెంట్ ఉన్నా వంపు హఠాత్తుగా మొదలవుతోందన్నమాట. నిజం హోస్ అలా వంగదు. అక్కడ ఈక్వల్ కర్వేచర్ రిలేషన్ ఇస్తే పన్ను సున్నా నుంచి మొదలవుతుంది.

అడుగు 6: గొట్టం చేసి, యంత్రాన్ని కదిలించి చూడండి

స్వీప్ తీసుకుని సర్క్యులర్ ప్రొఫైల్ ఎంచుకుంటే వేరే వృత్తం గీయాల్సిన పని లేదు. తిన్నని గీత, స్ప్లైన్, తిన్నని గీత, మూడింటినీ కలిపి దారిగా ఇవ్వండి. బయటి వ్యాసం 22. స్వీప్ రాకపోతే ముందు చూడాల్సింది కనిష్ఠ వ్యాసార్థమే. గొట్టం సగం వ్యాసం కన్నా గీత గట్టిగా వంగితే గొట్టం తనలోకి తాను దూసుకుపోతుంది.

పార్ట్ ఎడిట్ నుంచి బయటికొచ్చి ఎవాల్యుయేట్‌లో ఇంటర్‌ఫియరెన్స్ డిటెక్షన్ నడపండి. తాకకపోతే చాలనుకోకండి. పంపు నడుస్తున్నప్పుడు హోస్ వణుకుతుంది. క్లియరెన్స్ వెరిఫికేషన్‌లో పదునైన అంచుల నుంచి కనీసం 15 మిల్లీమీటర్లు ఉందా చూడండి. అది నా అలవాటు అంకె, మీ యంత్రాన్ని బట్టి పెంచుకోండి.

కదిలే సిలిండర్ అయితే రాడ్‌ను ఒక హద్దుకు తెచ్చి కంట్రోల్ క్యూ నొక్కి రీబిల్డ్ చేయండి. స్ప్లైన్ కొస వెంట వస్తుంది. కనిష్ఠ వ్యాసార్థం మళ్లీ చూడండి. రెండో హద్దుకు తెచ్చి మళ్లీ. ఇందులో స్ప్లైన్ మనల్ని ఒక విషయంలో మోసం చేస్తుంది. కొసలు దూరమైతే గీత పొడవు పెరుగుతుంది, నిజం హోస్ పొడవు పెరగదు. అందుకే మెజర్ టూల్‌తో రెండు హద్దుల్లోనూ పొడవు తీసి పక్కపక్కన రాసుకోండి. ఎక్కువ వచ్చిన పొడవే హోస్ పొడవు. తక్కువ వచ్చిన హద్దులో ఆ తేడా అంతా వేలాడే ఒంపుగా మారుతుంది, దానికి చోటుందా అని చూడాలి. స్ప్లైన్‌కు బరువు తెలియదు, కాబట్టి ఆ ఒంపును మీరే కిందికి ఊహించుకోవాలి.

అడుగు 7: పొడవు చెప్పే పద్ధతి

ప్రెషర్ ఎక్కినప్పుడు హోస్ పొడవు 2 శాతం దాకా పెరగొచ్చు, 4 శాతం దాకా తగ్గొచ్చు. మీటరు హోస్ 40 మిల్లీమీటర్లు పొట్టిది కావచ్చన్నమాట. తిన్నగా లాగి బిగించిన హోస్ ఫిట్టింగ్‌నే పీకుతుంది. ఈ తగ్గుదలను లెక్కలోకి తీసుకుని పొడవు కాస్త కలపండి, కలిపాక స్ప్లైన్‌ను కూడా ఆ పొడవుకు సర్ది వంపు మళ్లీ చూడండి.

రాణిగంజ్‌లో హోస్ చేయించేటప్పుడు స్ప్లైన్ పొడవు చెప్పకండి. హోస్ కొంత ఫెరూల్ లోపలికి పోతుంది, ఎంత పోతుందో క్రింప్ చేసేవాళ్లకు తెలుసు. ఒక ఫిట్టింగ్ సీలింగ్ కొస (ఆయిల్ కారకుండా ఆనే చోటు) నుంచి రెండో ఫిట్టింగ్ సీలింగ్ కొస దాకా మొత్తం పొడవు ఇవ్వండి, కోసే పొడవు వాళ్లు లెక్కవేసుకుంటారు. రెండు వైపులా ఎల్బోలు ఉంటే వాటి మధ్య కోణం కూడా రాయండి. అది మరిస్తే హోస్‌ను మెలిపెట్టి బిగించాల్సి వస్తుంది. మెలిక పడ్డ హోస్ ఎక్కువ కాలం ఉండదు.

డ్రాయింగ్ బయటికి పోయే ముందు హోస్ పార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టర్నల్ రిఫరెన్సెస్ జాబితా తెరిచి లాక్ ఆల్ చేయండి. బాణం పక్కన నక్షత్రం వస్తుంది. ఇక ఎవరైనా పొరపాటున ఫిట్టింగ్‌ను జరిపినా హోస్ మారదు, కావాలంటే మళ్లీ తాళం తీయొచ్చు. బ్రేక్ ఆల్ మాత్రం నొక్కకండి. అది తిరిగి రాదు. ఒకే హోస్ ఇంకో యంత్రంలో వేరే ఒంపుతో వాడాలంటే, 2020 వెర్షన్ నుంచి మేక్ పార్ట్ ఫ్లెక్సిబుల్ ఉంది. ఆధారాలను కొత్త ఫిట్టింగులకు మార్చితే ఫైల్ ఒక్కటే ఉంటుంది, ఒంపు మారుతుంది.

వేరే సాఫ్ట్‌వేర్‌లో

ఫ్యూజన్‌లో మొదటి రకానికి ఫిట్ పాయింట్ స్ప్లైన్ అని పేరు. స్కెచ్ పాలెట్‌లో 3డి స్కెచ్ టిక్ పెట్టకపోతే గీత ఒకే తలంలో చిక్కుకుపోతుంది. కొత్త కాంపోనెంట్ చేసి దాన్ని యాక్టివేట్ చేశాకే గీయాలి, లేదంటే స్కెచ్ పై స్థాయిలో పడుతుంది. కర్వేచర్ కోంబ్‌ను అందులోనూ చూడొచ్చు.

లైసెన్స్ కొనలేని విద్యార్థులకు ఫ్రీక్యాడ్ మంచి దారి. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌తో అసెంబ్లీ వర్క్‌బెంచ్ అందులోనే వస్తోంది. స్కెచర్‌లోని బీ-స్ప్లైన్ ఒకే తలంలో ఉంటుంది, మూడు దిక్కుల్లో గీయడానికి డ్రాఫ్ట్ వర్క్‌బెంచ్‌లోని బీ-స్ప్లైన్ వాడండి. ఫిట్టింగ్ అంచులను హోస్‌లోకి తెచ్చుకోవడానికి సబ్‌షేప్ బైండర్, గొట్టానికి అడిటివ్ పైప్.

బిగించాక ఒక చూపు

హోస్ పొడవునా కంపెనీ ముద్రించిన అక్షరాల వరుస ఉంటుంది. బిగించాక ఆ వరుస తిన్నగా సాగిందా, హోస్ చుట్టూ తిరిగిందా చూడండి. తిరిగితే మెలిక పడినట్టే. నట్టు వదులు చేసి, ఒక స్పానర్‌తో ఫిట్టింగ్‌ను కదలకుండా పట్టుకుని రెండో స్పానర్‌తో మళ్లీ బిగించాలి. ఆ తర్వాత ఫోన్‌తో ముందు నుంచి ఒక ఫొటో, పక్క నుంచి ఒక ఫొటో తీసి, తెర మీద అదే వ్యూలు పెట్టి పోల్చండి.

బాలానగర్ ప్రెస్‌కు రెండో హోస్ చేసినప్పుడు అలాగే పోల్చాం. స్తంభం మీద ఒక క్లాంప్ వెల్డ్ చేయించి, స్ప్లైన్‌లో మూడే బిందువులు ఉంచాను: ఫిట్టింగ్, క్లాంప్, ఫిట్టింగ్. ఫొటోలో హోస్, తెర మీద గీత దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కింది ఫిట్టింగ్ దగ్గర మాత్రం బరువుకు 10 మిల్లీమీటర్లు జారింది. స్తంభం అంచుకూ హోస్‌కూ మధ్య రెండు వేళ్లు దూరుతున్నాయి.